ఆరు నిండనివాళ్లు

పెద్దవాళ్ల పరుగు పందెంలో వాలంటీరు పని సుళువు. నీళ్ల సీసా అందిస్తే చాలు, మిగతాది వాళ్లే చూసుకుంటారు. పిల్లల పందెం అలా కాదు. విజిల్ మోగగానే పరిగెత్తాలని ఐదేళ్లవాడికి తెలుసు. ఎందాకా పరిగెత్తాలో తెలియదు. దారిలో కుక్కపిల్ల కనబడితే ఆగుతాడు. బూటు ఊడితే రోడ్డు మధ్యలోనే చతికిలబడతాడు. పక్కవాడు పడిపోతే వాణ్ణి లేపబోయి తనూ పడతాడు. అన్నిటికన్నా తమాషా ఆఖర్న కట్టే రిబ్బను. అందరికన్నా ముందొచ్చినవాడు సరిగ్గా దాని ముందుకొచ్చి ఆగిపోతాడు. ఎవరో ముచ్చటపడి కట్టుకున్న రిబ్బను తెంపితే తిడతారేమోనని వాడి భయం. ఈలోగా రెండోవాడు దాని కిందనుంచి దూరి అవతలికి పోతాడు. ఇక ఇద్దరి నాన్నలూ వచ్చి ఎవరు ఫస్టో తేల్చమని మన మీద పడతారు.

పెద్ద పోటీల్లో దీనికి జవాబుంది. తల కాదు, చెయ్యి కాదు, ఎవరి మొండెం ముందు గీత దాటితే వాళ్లే గెలిచినట్టు. మా పీఈటీ మాస్టారు ఆ మాటే ఒక నాన్నకి చెప్పబోతే, "మావాడి మొండెమే ముందుందండీ, కావాలంటే వీడియో చూడండి" అని ఆయన ఫోను తెచ్చి మాస్టారి ముక్కుకి ఆనించాడు.

ఇది 2019 డిసెంబరు సంగతి. విశాఖపట్నం బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచేవాళ్లం కొందరం ఒక క్లబ్బుగా ఉన్నాం. రక్తపోట్లు, మోకాళ్ల నొప్పులు, మనవల కబుర్లు తప్ప మాకు వేరే కార్యక్రమం ఉండేది కాదు. ఆ ఏడాది మా సెక్రటరీ గారికి పిల్లలకి పరుగు పందెం పెట్టాలని బుద్ధి పుట్టింది. ఒక నగల దుకాణం కప్పులిచ్చింది. ఒక కంటాసుపత్రి టోపీలిచ్చింది. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి, కురుసుర జలాంతర్గామి వైపు వెళ్లి, వెనక్కి తిరిగి రావాలి. ఆరు నిండని పిల్లలకి అర కిలోమీటరు, ఎనిమిది నిండనివాళ్లకి కిలోమీటరు, పది నిండనివాళ్లకి రెండు కిలోమీటర్లు. పని చెయ్యడానికి ఎన్నెస్సెస్ కాలేజీ పిల్లలు వచ్చారు. మేం పెద్దవాళ్లం పెత్తనానికి వెళ్లాం.

"కండక్టర్ గారూ, వయసుల టేబులు దగ్గర మీరు కూర్చోవాలి. ఇంకెవరి వల్లా కాదు" అన్నారు సెక్రటరీ గారు.

నేను ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో తాగుబోతులతో పడ్డాను, చిల్లరతో పడ్డాను, చెకింగ్ వాళ్లతో పడ్డాను. కానీ అందరికన్నా ఎక్కువ పడ్డది పిల్లల వయసుతో. ఐదేళ్లు నిండనివాళ్లకి టికెట్టు లేదు. ఐదు నుంచి పన్నెండు దాకా ఆఫ్ టికెట్టు. ఈ రెండు ముక్కలూ బస్సులో రాసే ఉంటాయి. అయినా, సర్వీసు మొత్తం మీద, బస్సులో ఐదో పుట్టినరోజు దాటిన పిల్లాణ్ణి నేను ఎరగను. అందరి వయసూ నాలుగున్నర దగ్గరే ఆగిపోతుంది. కాళ్లు మాత్రం సీటు మీంచి దిగి నేలకి ఆనుతుంటాయి. పాచిపెంట ఘాటీ ఎక్కేటప్పుడు నాలుగున్నర ఏళ్ల పాప ఒకతె వాళ్లమ్మకి సినిమా పత్రిక గడగడా చదివి వినిపిస్తుంటే విన్నవాణ్ని.

అలాంటప్పుడు తల్లిదండ్రుల్ని అడిగి లాభం లేదు. పిల్లాణ్ణే అడగాలి. అదీ వయసు అడక్కూడదు. వయసు అప్పటికే నేర్పించేసి ఉంటారు. "ఏ క్లాసురా నువ్వు?" అని నవ్వుతూ అడగాలి. వాడు ఛాతీ విరుచుకుని "సెకండ్ క్లాస్" అంటాడు. మరుక్షణం "అమ్మా" అంటాడు. తొడపాశం పడిందన్నమాట. ఆఫ్ టికెట్టు కొట్టేసి ముందుకి పోవడమే. ఎవరినీ ఏమీ అనేవాణ్ని కాదు. పిల్లల నోట అబద్ధం తొందరగా రాదు, ఎవరో ఒకరు నేర్పాలి అని మాత్రం అనుకునేవాణ్ని.

సెక్రటరీ గారు నన్ను ఆ టేబులు దగ్గర కూర్చోబెట్టడానికి కారణం అదీ. రూలు సులువైనదే. జనన ధ్రువపత్రం గానీ ఆధార్ గానీ చూపించాలి. 2014 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే ఆరు నిండనివాళ్ల కింద లెక్క. చూసి, లిస్టులో టిక్కు పెట్టి, నెంబరు కాగితం ఇవ్వాలి.

"ఇంత చిన్నపిల్లలకి ఇన్ని కాగితాలా మాస్టారూ?" అన్నాను పీఈటీ మాస్టారితో.

"ముప్పై ఏళ్లవాడికీ ముప్పై ఒకటివాడికీ తేడా ఏమీ లేదు కండక్టర్ గారూ. ఐదేళ్లవాడికి ఒక ఏడాదంటే వాడి బతుకులో ఐదో వంతు. ఏడేళ్లవాణ్ణి తెచ్చి వాడి పక్కన నిలబెడితే అది పందెమే కాదు" అన్నారాయన. ఎన్ని బళ్లలో ఎన్ని పోటీలు చూశారో గానీ, ఆ మాట అంటున్నప్పుడు నవ్వలేదు.

తెల్లవారేసరికి రోడ్డంతా పిల్లలు. ఆ వేళకి అక్కడ బళ్లు తిరగనివ్వరు కాబట్టి భయం లేదు. సముద్రం మీంచి చల్లగాలి. నెంబరు కాగితం ఒక్కొక్కటీ నాలుగు పిన్నులతో చొక్కాకి గుచ్చాలి. పిన్ను దగ్గరికి తెస్తుంటే పిల్లలు ఊపిరి బిగబట్టి పొట్ట వీపుకి అంటుకునేలా లోపలికి పీల్చేస్తారు. నాలుగో పిన్ను పెట్టాక ఒక్కసారి వదులుతారు, ఆ ఊపిరికి కాగితం రెపరెపలాడుతుంది. మొహంలో మాత్రం ఇంజెక్షను గండం గడిచినంత ధీమా.

మలుపు దగ్గర ఇద్దరు కాలేజీ అమ్మాయిలు రబ్బరు బ్యాండ్ల బుట్ట పట్టుకుని నిలబడ్డారు. అక్కడిదాకా వచ్చిన ప్రతి పిల్లకీ చేతికి ఒకటి తొడగాలి. చివర గీత దగ్గర చేతికి బ్యాండు లేకపోతే మధ్యలోనే వెనక్కి తిరిగినట్టు. ఇది పిల్లల్ని అనుమానించి పెట్టింది కాదు. డివైడరు సందులోంచి దాటించి వెనక్కి తిప్పే తెలివి పిల్లలకి ఉండదు, పక్కన పరిగెత్తే అమ్మానాన్నలకే ఉంటుంది.

నా టేబులు దగ్గరికి వచ్చినవాళ్లలో సగంమంది ఫోనులో ఆధార్ ఫొటో వెతుక్కుంటూనే ఉన్నారు. అలాంటి గందరగోళంలో నలభై ఏడో నెంబరు అబ్బాయి వాళ్ల నాన్న రావడంతో నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. చేతిలో ఫైలు. అందులో లామినేషన్ చేయించిన జనన ధ్రువపత్రం, దాని జెరాక్సు, దాని మీద సంతకం. పుట్టింది 2014 ఏప్రిల్. పిల్లాడు పీలగా, ముద్దుగా ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. కింద రెండు పళ్లు ఊడి ఆ నవ్వు ఇంకా బాగుంది.

"ఏ క్లాసురా నాన్నా?" అన్నాను. పాత అలవాటు.

"యూకేజీ అండీ" అన్నాడు తండ్రి.

"ఇంతకుముందు ఎప్పుడైనా పరిగెత్తావా?"

"ఇదే ఫస్ట్ టైమండీ. మొబైలు అలవాటు తప్పించాలని" అన్నాడు తండ్రే. మాట మెత్తన, మనిషి పద్ధతైనవాడు. నన్ను ఒకటికి రెండుసార్లు "మేస్టారూ" అన్నాడు. టిక్కు పెట్టి నెంబరు ఇచ్చాను. ఆయన వెళ్లిపోలేదు. రూళ్ల కాగితం మొత్తం చదివాడు. "చాలా పకడ్బందీగా పెట్టారండీ. మన దేశంలో ఆటలు పాడైపోయింది ఇక్కడే" అంటూ టేబులు పక్కనే నిలబడి మాట్లాడసాగాడు.

బాగా చదువుకున్నవాడు. 2015లో రాహుల్ ద్రావిడ్ పటౌడీ స్మారకోపన్యాసంలో, వయసు దాచి పిల్లల్ని ఆడించడానికీ మ్యాచ్ ఫిక్సింగుకీ తేడా లేదన్న సంగతి ఆయన చెబితేనే నాకు తెలిసింది. క్రికెట్ బోర్డువాళ్లు కుర్రాళ్ల ఎడమచేతి మణికట్టు ఎక్స్‌రే తీయించి ఎముకలు ఎంతవరకు ఎదిగాయో చూసి వయసు అంచనా కడతారట. దాన్ని టీడబ్ల్యూ3 అంటారట. "కాగితం అబద్ధమాడుతుంది గానీ ఎముక ఆడదు మేస్టారూ" అన్నాడు. ఇలాంటి తండ్రి బస్సుకొక్కడుంటే నా సర్వీసు ఎంత హాయిగా గడిచేదో అనిపించింది.

అప్పుడొచ్చింది నూట పన్నెండు.

పెద జాలారిపేట నుంచి తల్లీ కూతురూ. తల్లి చేపల గంప దించి నేరుగా వచ్చినట్టుంది, కొంగు ఇంకా నడుముకి బిగించే ఉంది. పిల్ల పొడుగరి. అక్కడున్న ఆరు నిండనివాళ్లందరికన్నా జానెడు ఎత్తు. తల్లి ప్లాస్టిక్ కవరులోంచి ఆధార్ తీసి ఇచ్చింది. పుట్టినరోజు 2014 జనవరి 1.

నేను పెన్ను ఎత్తానో లేదో, పక్కనుంచి ఆయన చెయ్యి అడ్డం వచ్చింది.

"ఒక్క నిమిషం మేస్టారూ. నేను పిల్లని ఏమీ అనడం లేదు. కానీ జనవరి 1 అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. తేదీ తెలియనివాళ్లందరికీ కంప్యూటర్లో కొట్టేది అదే. అదీ సరిగ్గా మన కటాఫ్ రోజు. ఎంత కుదురుగా కుదిరిందో చూడండి."

చుట్టూ ఉన్న తండ్రులు ఇద్దరు ముగ్గురు ముందుకొచ్చారు. పిల్ల ఎత్తు చూసి తలలాడించారు.

తల్లికి సంగతి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "అదేటి బాబూ అలగంతారు? మా గుంట ఉద్‌ఉద్ తుపాను నాడు పుట్టింది. ఆసుపత్రిలో కరెంటు నేదు. టార్చి లైటు ఎలుగులో పురుడు పోసారు. బళ్లో ఏసినప్పుడు మేస్టారు ఆ ఏడు మొదటి తేదీ ఏసీసారు. నాకు సదువొచ్చా ఏటి, సూసుకోడానికి?"

హుద్‌హుద్ తేదీ విశాఖపట్నంలో ఎవరినీ అడగక్కర్లేదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఊళ్లో చెట్టన్నది మిగల్లేదు. విమానాశ్రయం పైకప్పే లేచిపోయింది. ఆ లెక్కన పిల్లకి కాగితంలో ఉన్న వయసుకన్నా తొమ్మిది నెలలు తక్కువే గాని ఎక్కువ కాదు. నేను ఆ ముక్కే అన్నాను.

"తుపానుకి జెరాక్సు ఉండదు కదండీ" అన్నాడాయన. పక్కవాళ్లు నవ్వారు.

తల్లి పిల్ల గెడ్డం పట్టుకుని పైకెత్తింది. "నోరు తెరిసి సూపించు. సూడండి బాబూ, పాలపళ్లు. ఒక్కటీ ఊడనేదు."

"పళ్లు చూసి వయసు చెప్పడానికి ఇదేమైనా పశువుల సంతా అమ్మా?" అన్నాడు. కోపంగా కాదు, మెత్తగానే. ఆయన పక్కన నలభై ఏడు నోరు గట్టిగా మూసుకుని, నాలుగో పిన్ను దగ్గర వదులైన కాగితాన్ని వేలితో నొక్కుకుంటూ నిలబడ్డాడు.

సెక్రటరీ గారు పరిగెత్తుకుంటూ వచ్చారు. ఆయనకి కావలసింది న్యాయం కాదు, పందెం టైముకి మొదలవడం. ముఖ్య అతిథిగా రావలసిన రిటైర్డు నేవీ ఆఫీసరు నిమిషం ఆలస్యమైనా ఒప్పుకునే మనిషి కాదని అప్పటికే చెమటలు పడుతున్నాయి. ఆధార్ చెల్లుతుందని రూల్లోనే ఉంది కదండీ అని నేనంటే, "ఉంది, కాదన్ను. కానీ అందరూ చూస్తున్నారు" అన్నారు. మధ్యేమార్గంగా తీర్పు చెప్పారు. పిల్లని ఎనిమిది నిండనివాళ్లలో పరిగెత్తించాలి. పెద్దపిల్లలతో పరిగెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా.

నలభై ఏడు నాన్న వెంటనే ఒప్పుకున్నాడు. "నాకు పాప మీద ఏమీ లేదండీ, రూలు రూలే" అని నూట పన్నెండు తల నిమిరి, "బాగా పరిగెత్తమ్మా" అన్నాడు. తర్వాత సెక్రటరీ గారివైపు తిరిగాడు.

"ఇంకొక్క మాట సార్. రేసు అయిపోయాక, కప్పు ఇచ్చేటప్పుడు ఎవరో ఒకరు వచ్చి ఇలాగే వయసు గొడవ పెడితే పసిమనసులు గాయపడతాయి. ఫిర్యాదులేమైనా ఉంటే విజిల్‌కి ముందే రాసిమ్మనండి. తర్వాత తీసుకోం అని మైకులో చెప్పించండి."

సెక్రటరీ గారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఆయన చేతులు పట్టుకుని ఊపేశారు. మైకులో చెప్పించారు, ఒక తెల్లకాగితం మీద రాయించి నా టేబులుకి అంటించారు కూడా.

"పోనీండి బాబూ, ఎక్కువ దూరం పరిగెడతాది" అంది తల్లి. ఆమెకి నష్టం ఏమిటో ఎవరూ చెప్పలేదు.

విజిల్ మోగింది. ఆరు నిండనివాళ్లు కదిలారు. కదిలారు అనడమే గానీ, మొదటి పది గజాల్లో నలుగురు పడ్డారు, ఇద్దరు ఏడ్చారు, ఒకడు వెనక్కి తిరిగి అమ్మ దగ్గరికి వచ్చేశాడు. ఒక పాప తోవలో గాజుపెంకు లాంటిదేదో చూసి, ఎవరికీ గుచ్చుకోకుండా తీసి పక్కన పెట్టి, మళ్లీ పరుగు అందుకుంది. అది గవ్వ అని తర్వాత తెలిసింది. అమ్మానాన్నలు ఫోనులు ఎత్తి పట్టుకుని పక్కనే పరుగు. వాళ్ల పరుగు చూస్తే పిల్లల పరుగే నయం.

వీళ్లందరిలోనూ నలభై ఏడు వేరే. ఎటూ చూడలేదు. మొదట్లో నిదానంగా పోయి, మలుపు దగ్గర ఆగకుండానే చెయ్యి చాచి బ్యాండు వేయించుకుని, అక్కణ్ణించి అందుకున్నాడు. చివర్లో వాడికీ వెనకున్న పిల్లకీ మధ్య ముప్పై గజాల ఖాళీ. రిబ్బను ముందు వాడు ఆగలేదు. ఛాతీ ముందుకి పెట్టి, చేతులు రెండూ పైకెత్తి తెంపుకుని వెళ్లిపోయాడు. ఆ పూట రిబ్బనుకి భయపడనివాడు వాడొక్కడే. "కోచింగు ఉన్న పిల్లాడిలా ఉన్నాడే" అన్నారు పీఈటీ మాస్టారు. ఇదే ఫస్ట్ టైమట అన్నాను. మాస్టారు ఏమీ అనలేదు.

తర్వాత ఎనిమిది నిండనివాళ్లు. నూట పన్నెండు చెప్పులు విప్పి వాళ్లమ్మ చేతికిచ్చి గీత మీద నిలబడింది. ఇందాక పొడుగరిలా కనబడిన పిల్ల వీళ్ల మధ్య ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మలుపు దాకా అందరికన్నా ముందు అదే ఉంది. అర కిలోమీటరు అక్కడికి అయిపోయింది. తిరిగొచ్చేటప్పుడు కాళ్లు బరువెక్కాయి. ఒకరు దాటారు, ఇద్దరు దాటారు, గీతకి కాస్త ఇవతల మూడో అబ్బాయి కూడా దాటేశాడు. నాలుగోది. కప్పులు ముగ్గురికే. నీళ్లు తాగుతూ నావైపు చూసి, "తాతా, నాను ఎన్నోదాన్ని?" అంది. నాలుగు అన్నాను. "నాలుగంటే మంచిదేనా?" అంది. వాళ్లమ్మ చెప్పులు తొడుగుతూ, "మంచిదే, పద, మెడలో బిళ్ల ఏత్తారంట" అంది. పరిగెత్తిన ప్రతివాళ్లకీ ఒక మెడల్ ఉంది లెండి.

ఆ తర్వాత ఉప్మా, అరటిపండ్లు. పిల్లలకి అని వండించింది నాన్నలకి సరిపోయింది.

బహుమతుల సభలో ముఖ్య అతిథి క్రీడాస్ఫూర్తి మీద మాట్లాడారు. గెలుపోటములు ముఖ్యం కాదని గెలిచినవాళ్లని మాత్రమే పక్కన నిలబెట్టుకుని చెప్పారు. ఆ ఆగస్టులోనే సింధు ప్రపంచ చాంపియన్ అయింది కాబట్టి మీరంతా సింధులు కావాలన్నారు. పరుగుకీ బ్యాడ్మింటనుకీ ఏమిటి సంబంధమని ఎవరూ అడగలేదు. ఇప్పుడైతే ఆ ఇబ్బంది లేదు. 2022లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఇరవై ఏళ్లనాటి జాతీయ రికార్డు బద్దలు కొట్టిన జ్యోతి యర్రాజీది ఈ విశాఖపట్నమే. మైకు దొరికితే ఆ పేరు చెప్పుకోవచ్చు. అప్పటికి మాలాంటివాళ్లకి ఆ అమ్మాయి సంగతి తెలియదు.

సెక్రటరీ గారు వందన సమర్పణలో, నియమాల విషయంలో క్లబ్బుకి సాయపడ్డ తండ్రిగా నలభై ఏడు నాన్న పేరు ప్రత్యేకంగా చెప్పి చప్పట్లు కొట్టించారు. ఆయన స్టేజీ ముందు మొదటి వరసలో నిలబడి, కొడుకు కప్పు అందుకోవడం వీడియో తీయడానికి ఫోను సిద్ధం చేసుకుంటూ, సిగ్గుపడుతున్నట్టు చెయ్యి ఊపాడు.

"ఆరు నిండని విభాగంలో ప్రథమ స్థానం!"

పిల్లాడు మెట్లెక్కాడు. ముఖ్య అతిథి కప్పు చేతిలోకి తీసుకున్నారు. కప్పు పిల్లాడి నడుము దాకా ఉంది. ఫొటోలవాడు ఒక్క నిమిషం ఆగమన్నాడు. ఖాళీగా నిలబడటం ఎందుకని ఆయన ముచ్చటగా వంగి, మైకు పిల్లాడి నోటి దగ్గర పెట్టారు.

"వెరీ గుడ్! హౌ ఓల్డ్ ఆర్ యూ బాబూ?"

పిల్లాడు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. కింద నాన్న కోసం వెతికాడు. కనబడ్డాక, మైకులోనే, బీచ్ రోడ్డంతా వినిపించేలా అడిగాడు.

"నాన్నా, ఏ ఏజ్ చెప్పాలి? బస్సుదా, స్కూలుదా, రేసుదా?"

ఒక్క క్షణం ఎవరికీ ఏమీ తోచలేదు. తర్వాత ఎవరో ఫక్కున నవ్వారు. ఆపైన అందరూ నవ్వారు. ఆ నవ్వులో తప్పు పట్టే ధోరణేమీ లేదు. అక్కడున్నవాళ్లంతా పిల్లల్ని బస్సు ఎక్కించినవాళ్లే. "ఎంత చురుకైనవాడో చూడు" అంది నా పక్కనున్నావిడ. ముఖ్య అతిథి కూడా నవ్వి పిల్లాడి బుగ్గ గిల్లారు.

తండ్రి కంగారుపడతాడేమో, తల వంచుకుంటాడేమో అని చూశాను. ఆయన ఫోను కూడా దించలేదు. వీడియో నడుస్తూనే ఉంది.

"రేసుది చెప్పు కన్నా" అన్నాడు.

"ఫైవ్!" అన్నాడు వాడు.

చప్పట్లు మోగాయి. కప్పు వాడి చేతుల్లోకి వెళ్లింది.

నేను సెక్రటరీ గారి భుజం పట్టుకుని స్టేజీ వెనక్కి తీసుకెళ్లాను. విన్నారా అన్నాను. విన్నానన్నారు. మరి అన్నాను. ఆయన కాసేపు సముద్రం వైపు చూసి, నా టేబులుకి అంటించిన తెల్లకాగితం వైపు చూపించారు.

"ఏం చెయ్యమంటారు కండక్టర్ గారూ? ఫిర్యాదులు విజిల్‌కి ముందే ఇవ్వాలి కదా."